నూనె మానొద్దు, కొలవండి: కిడ్నీ జబ్బున్న ఇంట్లో కొవ్వుల లెక్క

రక్తంలో క్రియాటినిన్, అంటే కిడ్నీ బయటికి పంపాల్సిన ఒక వ్యర్థం, పెరిగిందని తెలిసిన సాయంత్రమే చాలా ఇళ్లలో ఉప్పు డబ్బా పక్కకు పోతుంది. దాని వెనకే నూనె సీసా కూడా పోతుంది. ఉప్పు తగ్గించడం సబబే. నూనె పూర్తిగా మానేయడం మాత్రం తొందరపాటు.

నూనెలో పొటాషియం లేదు, ఫాస్ఫరస్ లేదు, సోడియం లేదు, ప్రొటీన్ అసలే లేదు. ప్రొటీన్ ఖర్చయితే యూరియా మిగులుతుంది, దాన్ని కిడ్నీ బయటికి తోయాలి. కొవ్వు ఖర్చయితే మిగిలేది బొగ్గుపులుసు వాయువు, నీళ్లు. మొదటిది ఊపిరితో పోతుంది. పైగా కిడ్నీలోని సన్నని గొట్టాల కణాలు తమ పని నడుపుకోవడానికి ఎక్కువగా వాడుకునేది కొవ్వు ఆమ్లాలనే. అంటే నూనె కిడ్నీకి శత్రువు కాదు. ఏ నూనె, ఎంత, దాని వెంట ఇంకేం వస్తోంది అన్నవే చూసుకోవాలి.

రకం ఎందుకు ముఖ్యమంటే, కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు గుండె జబ్బు ముప్పు మిగతావాళ్లకన్నా బాగా ఎక్కువ. రక్తంలో తిరిగే కొవ్వును విరగ్గొట్టే ఎంజైము కిడ్నీ జబ్బులో మందగిస్తుంది. అందుకే కొలెస్ట్రాల్ మామూలుగా ఉన్నా ట్రైగ్లిజరైడ్లు, అంటే రక్తంలో తిరిగే ఆ కొవ్వు, పెరిగి కనిపిస్తాయి. మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పోతున్నవాళ్లలో ఇంకో చిక్కుంది. ఆ ఆల్బుమిన్ తనతోపాటు కొవ్వు ఆమ్లాలను మోసుకుంటూ గొట్టాల్లోకి దిగుతుంది. వాటిలో పామిటిక్ ఆమ్లం లాంటి సంతృప్త కొవ్వులు ఎక్కువైతే కిడ్నీ కణాలు దెబ్బతింటాయని ప్రయోగశాల పరిశోధనలు చూపిస్తున్నాయి.

ఇక్కడ చెప్పే లెక్కలు డయాలసిస్ ఇంకా మొదలుకాని, కిడ్నీ జబ్బు మూడు నుంచి ఐదో దశలో ఉన్న పెద్దవాళ్లకు. డయాలసిస్, కిడ్నీ మార్పిడి అయినవాళ్ల సంగతి చివర్లో ఉంది. పిల్లలకు ఇవి వర్తించవు.

మొదట రిపోర్టులు ముందేసుకోండి

వంటింట్లోకి వెళ్లేముందు ఆరు అంకెలు ఒక కాగితం మీద రాయండి: బరువు, ఎల్‌డీఎల్ (చెడ్డ కొలెస్ట్రాల్), ట్రైగ్లిజరైడ్లు, రక్తంలో పొటాషియం, ఫాస్ఫరస్, ఆల్బుమిన్.

ట్రైగ్లిజరైడ్లు 500 దాటితే ఈ వ్యాసం పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఆ స్థాయిలో క్లోమం వాచే ప్రమాదముంది, అప్పుడు అన్ని రకాల కొవ్వులూ గట్టిగా తగ్గించాల్సి రావచ్చు. పొటాషియం 5 లోపు, ఫాస్ఫరస్ 4.5 లోపు ఉంటే పల్లీలు, నువ్వులు, కొబ్బరి విషయంలో కొంత వెసులుబాటు ఉంటుంది. అవి దాటితే ఉండదు. కిడ్నీ జబ్బు అనగానే అందరికీ పొటాషియం కట్టడి అవసరం లేదు. పక్కింటాయన డైట్ చార్టు ఫోటో తీసుకుని మీరు పాటిస్తే వచ్చే తంటా ఇదే.

రోజుకు ఎంత?

కిడ్నీ రోగికి రోజుకు కిలో బరువుకు 25 నుంచి 35 క్యాలరీలు కావాలి. ఊబకాయం ఉంటే కింది అంకె, చిక్కిపోతుంటే పై అంకె. 60 కిలోల మనిషికి 30 చొప్పున 1,800 క్యాలరీలు అనుకుందాం. ప్రొటీన్ కిలోకు 0.6 నుంచి 0.8 గ్రాములు, అంటే 36 నుంచి 48 గ్రాముల మధ్య ఉండాలి.

ఇప్పుడు ఆయన పళ్లెం చూడండి. బియ్యం 200 గ్రాములు, గోధుమపిండో రవ్వో 60, పప్పు 25, టోన్డ్ పాలు పెరుగు కలిపి 200 మిల్లీలీటర్లు, ఒక గుడ్డు తెల్లసొన, కూరగాయలు 300 గ్రాములు, ఒక చిన్న పండు. ప్రొటీన్ దాదాపు 41 గ్రాములు వచ్చేసింది, కోటా ఇంచుమించు నిండింది. క్యాలరీలు మాత్రం 1,250 దగ్గరే ఆగిపోయాయి. ఇంకా 550 కావాలి. పప్పు పెంచితే ప్రొటీన్ పెరుగుతుంది. పళ్లు పెంచితే పొటాషియం పెరుగుతుంది. ఈ లోటును మరేదీ మోసుకు రాకుండా పూడ్చగలిగేవి ముఖ్యంగా రెండే: నూనె, పిండిపదార్థం.

నూనె 30 గ్రాములు, నెయ్యి 5 గ్రాములు వేసుకుంటే 315 క్యాలరీలు వచ్చాయి. మిగిలిన 235లో సగ్గుబియ్యం 40 గ్రాములు 140 దాకా ఇస్తాయి, షుగరు లేనివాళ్లకు నాలుగైదు చెంచాల చక్కెర మిగతాది ఇస్తుంది. బెల్లం కాదు, చక్కెరే, ఎందుకంటే బెల్లంలో పొటాషియం ఉంటుంది. షుగరు ఉన్నవాళ్లు ఈ లోటులో కొంత మరో రెండు చెంచాల నూనెతో పూడ్చి, మిగతాది డైటీషియన్‌తో కూర్చుని తేల్చుకోవాలి.

నూనె మానేస్తే జరిగేదీ ఈ లెక్కలోనే ఉంది. రోజూ 300కు పైగా క్యాలరీలు తగ్గితే శరీరం తన కండరాన్నే కరిగించి వాడుకుంటుంది. కండరం కరిగితే యూరియా పెరుగుతుంది. కండ తగ్గినందువల్ల క్రియాటినిన్ కాస్త దిగినట్టు కనిపించి ఇంట్లోవాళ్లు సంతోషిస్తారు కూడా. చొక్కా భుజాల దగ్గర వదులవుతున్నా ఎవరికీ అనుమానం రాదు.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2,000 క్యాలరీల భోజనానికి పైనుంచి వేసే నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములు చాలంటుంది. అది ఆరోగ్యవంతులకు. ప్రొటీన్ తగ్గించుకున్న కిడ్నీ రోగి విషయంలో అంతకన్నా ఓ 5, 10 గ్రాములు పెరగడం తప్పు కాదు. అయితే లావుగా ఉండి, ట్రైగ్లిజరైడ్లు 250 దాటి ఉంటే ఆ పెంపు వద్దు.

కొలత ఎలా?

ఇంట్లో ఉన్న చెంచాలను నమ్మకండి. ఒక స్టీలు చెంచా 4 మిల్లీలీటర్లు పడితే ఇంకోటి 8 పడుతుంది. దగ్గు మందు సీసా మీద వచ్చే 5, 10 గీతలున్న మూతను బాగా కడిగి ఆరబెట్టి నూనె పక్కన పెట్టుకోండి. 5 మిల్లీలీటర్ల నూనె బరువు నాలుగున్నర గ్రాములు, అందులో 40 క్యాలరీలు. 30 గ్రాములంటే మూతలో 5 గీత వరకు ఆరున్నర సార్లు.

పొద్దున్నే రోగి వాటా నూనెను ఒక చిన్న సీసాలోకి కొలిచి పోయండి. దోసెకు, పోపుకు, కూరకు దాంట్లోంచే వాడండి. రాత్రికి అడుగున మిగిలితే పులుసులోనో ఉప్మాలోనో కలిపేయండి. ముందే అయిపోతే ఎక్కడ ఒలికిందో మీకే తెలుస్తుంది, ఎక్కువగా దోసె పెనం మీదే.

అందరికీ ఒకే కూర వండే ఇంట్లో నెల లెక్క సులువు. నలుగురు ఉన్న ఇంట్లో నెలకు 5 లీటర్లు ఖర్చయితే మనిషికి రోజుకు దాదాపు 42 మిల్లీలీటర్లు, అంటే 38 గ్రాములు. నాలుగు లీటర్లకు దిగితే 30 గ్రాములు. ఇందులో బయట తిన్నది కలవలేదని గుర్తుంచుకోండి.

ఏ నూనె?

సంతృప్త కొవ్వు మొత్తం క్యాలరీల్లో 7 శాతం లోపు ఉంచుకుంటే మంచిది. 1,800 క్యాలరీల మనిషికి అది 14 గ్రాములు. ఈ 14ను ఒక పర్సులో డబ్బులా చూడండి. వేరుశనగ నూనె 30 గ్రాములు వాడితే ఐదున్నర ఖర్చు. చెంచా నెయ్యికి 3. పాలు, పెరుగుకు 4. ఇప్పటికి పన్నెండున్నర. బియ్యం, పప్పుల్లో దాగిన కొవ్వుకు ఒకటి తీసేస్తే పర్సు దాదాపు ఖాళీ.

ఇప్పుడు కూరలో గుప్పెడు పచ్చి కొబ్బరి కోరు, ఓ 30 గ్రాములు వేశారనుకోండి. తొమ్మిది గ్రాముల సంతృప్త కొవ్వు ఒక్కసారే వచ్చిపడింది, వంద మిల్లీగ్రాముల పొటాషియం దాని వెంట వచ్చింది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఇప్పటికీ పూర్తిగా తేలలేదు, అది కొబ్బరి వల్ల వచ్చింది కాదు. కానీ కొబ్బరి, జీడి తోటల మధ్య బతికే ఊళ్లలో జబ్బు వచ్చాక కూరలోకి కోరు, తాగడానికి బొండం మామూలుగానే సాగిపోతుంటే పొటాషియం పెరిగినవాళ్లకు అది ముప్పే. కొబ్బరి నూనె కిడ్నీని శుభ్రం చేస్తుందన్న వాట్సాప్ మాటకు ఆధారం లేదు. అందులో 85 శాతానికి పైగా సంతృప్త కొవ్వే.

రోజువారీ వంటకు వేరుశనగ, నువ్వులు, తవుడు నూనెలు బాగా సరిపోతాయి. మూడింటిలోనూ ఒలియిక్, లినోలియిక్ ఆమ్లాలనే అసంతృప్త కొవ్వులు దగ్గర దగ్గరగా ఉంటాయి, సంతృప్త కొవ్వు 15 నుంచి 22 శాతం మధ్య. సన్‌ఫ్లవర్‌లో అరవై శాతం దాకా లినోలియిక్ ఆమ్లం, అంటే ఒమేగా-6. దాన్ని విషంలా చూపించే వీడియోలు బోలెడు తిరుగుతున్నాయి, అంత భయం అక్కర్లేదు. దాని లోపం ఒక్కటే, ఒమేగా-3 దాదాపు సున్నా. నిజానికి వేరుశనగ, నువ్వుల నూనెల్లోనూ ఒమేగా-3 లేనట్టే. అందుకే ఒక నెల వేరుశనగ, ఒక నెల నువ్వులు అని మార్చుకోవడం వల్ల వచ్చే లాభం చిన్నది. రోజూ వాడే నూనెలో మూడో వంతు సోయా నూనెకో ఆవ నూనెకో మారిస్తే లాభం ఎక్కువ, ఎందుకంటే వాటిలో ఒమేగా-3 ఉంది. ఆవ నూనె ఘాటు మన నాలుకకు ఎక్కదు కాబట్టి సోయా అయితే గొడవ ఉండదు.

పామాయిల్‌లో సగం సంతృప్త కొవ్వే. ఇంట్లో వాడకపోయినా బయట తినే మిక్చరు, చిప్స్, టిఫిన్ సెంటరు పూరీ చాలా వరకు దాంట్లో వేగినవే.

గానుగ నూనె మీద చాలామందికి మమకారం. రుచికి, వాసనకు బాగుంటుంది, తప్పు లేదు. కానీ కొవ్వు ఆమ్లాల కూర్పు గానుగ పట్టినా ఫ్యాక్టరీలో శుద్ధి చేసినా ఇంచుమించు ఒకటే. అది గానుగదని రెండింతలు పోయకూడదు. వడకట్టని మడ్డి ఉన్న నూనె వేపుళ్ల వేడికి తొందరగా పొగలొస్తుంది. పోపుకు, పొడుల్లో కలుపుకోవడానికి ఉంచుకోండి.

వనస్పతి మాట కూడా చెప్పాలి. అందులో ఉండే ట్రాన్స్ కొవ్వు చెడ్డ కొలెస్ట్రాల్‌ను పెంచి మంచి కొలెస్ట్రాల్‌ను దించుతుంది. దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2022 జనవరి నుంచి నూనెలు, కొవ్వుల్లో దీన్ని 2 శాతానికి మించకూడదని కట్టడి చేసింది. చట్టం వచ్చాక పరిస్థితి మెరుగైంది. అయినా ట్రాన్స్ తగ్గించిన బేకరీ కొవ్వులో సాధారణంగా దాని బదులు పామాయిలే చేరుతుంది. కర్రీ పఫ్ పొరలు విడిపోయేలా చేసేది ఆ గట్టి కొవ్వే.

గింజ వేరు, నూనె వేరు

ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. వేరుశనగ నూనె మంచిదంటే పల్లీలూ మంచివే అనుకుంటారు. గుప్పెడు పల్లీల్లో, అంటే 30 గ్రాముల్లో, ప్రొటీన్ 8 గ్రాములు, పొటాషియం 210 మిల్లీగ్రాములు, ఫాస్ఫరస్ 110 పైన. అదే గింజ గానుగలోంచి నూనెగా దిగితే ఈ మూడూ నూనె తీసిన పిండిలోనే ఉండిపోతాయి.

గుత్తి వంకాయ తీసుకోండి. నలుగురికి మసాలా అంటే పల్లీలు 50 గ్రాములు, నువ్వులు 25, ఎండుకొబ్బరి 25. మసాలా వరకే పొటాషియం 600, ఫాస్ఫరస్ 400 మిల్లీగ్రాములు. తలా ఒక వంతు తింటే 150, 100. ఫాస్ఫరస్ విషయంలో కొంత ఊరట ఉంది. గింజల్లోని ఫాస్ఫరస్ ఫైటేట్ రూపంలో ఉంటుంది, అందులో సగం కూడా ఒంటికి పట్టదు. పొటాషియానికి ఆ ఊరట లేదు.

కూర మానక్కర్లేదు, ఇలా మార్చండి. వంకాయలను గుత్తులుగా కోసి వేడినీళ్లలో ఐదు నిమిషాలు ఉడికించి ఆ నీళ్లు పారబోయండి. రెండు ఉల్లిపాయలు ఎర్రగా వేయించి రుబ్బి మసాలాకు చిక్కదనం తెచ్చుకోండి. పల్లీలు మానేసి నువ్వులు రెండు చెంచాలకు తగ్గించండి. వండటమూ, చివర్లో పైన వేయడమూ నువ్వుల నూనెతోనే చేయండి. నువ్వుల వాసన నూనెలోంచే వస్తుంది, పొటాషియం రాదు. చింతపండు గోలీకాయంత చాలు, అందులోనూ పొటాషియం ఉంది.

ఇదే కిటుకు పచ్చళ్లకూ పనికొస్తుంది. ఇడ్లీకి పల్లీ చట్నీ బదులు అల్లం, ఉల్లిపాయ, ఎండుమిర్చి వేయించి రుబ్బి, రెండు చెంచాల నూనెతో పోపు పెట్టండి. ఆవకాయ మీద తేలే నూనె మాత్రం వద్దు. ఉప్పు నూనెలో కరగదు నిజమే, కానీ గరిటెతో తీస్తే ఉప్పు కారం పిండి కూడా లేచి వస్తుంది. ఉప్పు తగ్గించాలని లో-సోడియం ఉప్పు కొనేవాళ్లకు ఒక హెచ్చరిక: అందులో సోడియం స్థానంలో ఉండేది పొటాషియం క్లోరైడ్. కిడ్నీ రోగి ఇంట్లో అది ఉండకూడదు.

ఒమేగా-3: అవిసెలు, చేపలు, గుళికలు

అవిసె గింజల్లో ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం అనే మొక్కల ఒమేగా-3 దండిగా ఉంటుంది. ఒక పెద్ద చెంచా పొడిలో, అంటే 7 గ్రాముల్లో, ఒకటిన్నర గ్రాములకు పైనే. దాంతో వచ్చే పొటాషియం 57, ఫాస్ఫరస్ 45 మిల్లీగ్రాములు. లాభానికి పోలిస్తే ఈ ధర భరించదగ్గదే.

గింజలు చిన్న మంట మీద మూడు నాలుగు నిమిషాలు, చిటపటలు మొదలయ్యేదాకా వేయించండి. పూర్తిగా చల్లారాక మిక్సీలో ఆపి ఆపి తిప్పండి. ఏకధాటిగా తిప్పితే వేడెక్కి నూనె ఊరి ముద్ద కడుతుంది. గాలి చొరని సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టి పదిహేను రోజుల్లో వాడేయండి. పెయింటు వాసన వస్తే పాడైనట్టే, పారేయండి. పొడి చేయకుండా గింజలు అలాగే మింగితే అవి మీ ఒంట్లో ఒక ప్రయాణం చేసి అలాగే బయటికి వెళ్లిపోతాయి.

మొదటి వారం అర చెంచాతో మొదలుపెట్టండి. అవిసె పీచు నీళ్లు పీలుస్తుంది. నీళ్ల మీద కట్టడి ఉన్నవాళ్లు ఒక్కసారే రెండు చెంచాలు తింటే మలబద్ధకం పట్టుకుంటుంది, మలబద్ధకం ఉంటే పేగుల ద్వారా పోవాల్సిన పొటాషియం కూడా ఆగుతుంది. మాత్రలకూ ఈ పొడికీ మధ్య రెండు గంటల ఎడం ఉంచండి. పొడి పడనివాళ్లకు అవిసె నూనె ఒక చిన్న చెంచా చాలు, రెండు గ్రాములకు పైగా వస్తుంది. దాన్ని పొయ్యి మీద పెట్టకూడదు. చల్లారిన అన్నంలోనో మజ్జిగలోనో కలుపుకోవాలి.

అవిసెతో పని పూర్తిగా అయిపోదు. అందులోని ఒమేగా-3ను శరీరం చేపల్లో ఉండే ఈపీఏ, డీహెచ్ఏ రూపాలకు మార్చుకోవడం చాలా తక్కువ, పదో వంతు కూడా కాదు. 12 దేశాల సమాచారం కలిపి 2023లో ప్రచురించిన విశ్లేషణలో సముద్రపు ఒమేగా-3 రక్తంలో ఎక్కువగా ఉన్నవాళ్లకు కొత్తగా కిడ్నీ జబ్బు వచ్చే అవకాశం కొంత తక్కువగా కనిపించింది. మొక్కల ఒమేగా-3కి ఆ సంబంధం కనిపించలేదు. ఇది సంబంధం మాత్రమే, రుజువు కాదు.

చేపలు తినేవాళ్లు కవళ్లు, అంటే సార్డిన్లు, కానాగంతలు, అంటే మాకెరెల్, వెతకండి. చవగ్గా దొరుకుతాయి, కొవ్వూ ఎక్కువ. వంద గ్రాముల్లో ఒమేగా-3 దాదాపు గ్రాము దాకా ఉంటుంది, కాలాన్ని బట్టి మారుతుంది. కొరమీను రుచికి రాజే గానీ అందులో కొవ్వు తక్కువ. వారానికి రెండుసార్లు, ముళ్లు తీశాక 75 గ్రాముల ముక్క. అందులో ప్రొటీన్ 15 గ్రాములు ఉంటుంది కాబట్టి ఆ పూట పప్పు, గుడ్డు తీసేయండి. ఈ తీసివేత మర్చిపోవడమే ఇక్కడ జరిగే పెద్ద తప్పు. ఇగురుగానో పెనం మీద కొద్ది నూనెతోనో వండండి. నూనెలో ముంచి వేయిస్తే చేప కొవ్వు కొంత బాణలిలోకి దిగుతుంది, బాణలి నూనె చేపలోకి ఎక్కుతుంది. నెత్తళ్లు ముళ్లతో సహా నమిలితే ఫాస్ఫరస్ పెరుగుతుంది. ఉప్పు చేప, ఎండు రొయ్యల గురించి చెప్పనక్కర్లేదు.

గుళికల సంగతి జాగ్రత్తగా చూడాలి. సీసా మీద 1,000 మిల్లీగ్రాములు అని పెద్దక్షరాల్లో ఉంటుంది, అది చేపనూనె మొత్తం బరువు. వెనక్కి తిప్పి చూస్తే ఈపీఏ 180, డీహెచ్ఏ 120 అని ఉంటుంది సాధారణంగా. పనికొచ్చేది 300 మాత్రమే. ట్రైగ్లిజరైడ్లు తగ్గడానికి డాక్టర్లు రాసే మోతాదు రోజుకు దాదాపు 2 గ్రాములు. ఈ గుళికలతో దాన్ని అందుకోవాలంటే ఆరేడు మింగాలి. రోజుకొకటి వేసుకుని పనిచేయలేదనడం అన్యాయం.

మరి కిడ్నీని కాపాడతాయా? టైప్-2 షుగరు ఉన్నవాళ్లకు అమెరికాలో ఐదేళ్లపాటు రోజుకు గ్రాము ఒమేగా-3 ఇచ్చి చూశారు. 2019లో వచ్చిన ఫలితం ప్రకారం కిడ్నీ పనితీరులో తేడా లేదు. ఐజీఏ నెఫ్రోపతీ అనే కిడ్నీ జబ్బులో మేలు చేసిందని 1994లో ఒక అధ్యయనం చెప్పింది, తర్వాతవి ఏకాభిప్రాయానికి రాలేదు. అందుకే క్రియాటినిన్ తగ్గుతుందన్న ఆశతో కొనకండి. కాడ్ లివర్ ఆయిల్ అసలే వద్దు. అది చేప కాలేయపు నూనె, విటమిన్-ఎ దండిగా ఉంటుంది, కిడ్నీ జబ్బులో ఆ విటమిన్ ఒంట్లో పేరుకుంటుంది. రక్తం పలచబడే మందులు వాడుతున్నా, బయాప్సీ చేయించుకోబోతున్నా గుళికల సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

పొయ్యి దగ్గర, అంగట్లో

ఒకసారి వేపుడుకు కాచిన నూనెను వడకట్టి, రెండు రోజుల్లో పోపులకు మాత్రమే వాడేయండి. మళ్లీ వేపుడుకు పెట్టకండి. రంగు ముదిరినా, చిక్కబడినా, వేడెక్కగానే నురగ వచ్చినా, ముందుకన్నా తొందరగా పొగ లేచినా దాని పని అయిపోయింది. హోటళ్లకు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఒక హద్దు పెట్టింది, కాగి కాగి నూనె విరిగినప్పుడు పుట్టే పోలార్ పదార్థాలు 25 శాతం దాటిన నూనె వాడకూడదు. బండి మీద బజ్జీలవాడి దగ్గర ఎవరూ కొలిచి చూడరు.

ప్యాకెట్ కొనేటప్పుడు ముందువైపు బొమ్మలు వదిలేసి వెనక పదార్థాల జాబితా చదవండి. హైడ్రోజనేటెడ్, ఇంటర్‌ఎస్టరిఫైడ్ వెజిటబుల్ ఫ్యాట్, పామోలిన్ అని మొదటి మూడు పేర్లలో ఉంటే కొనకుండా వెనక్కి పెట్టేయండి. తర్వాత అంకెలు చూడండి. 338 నుంచి 341, 450 నుంచి 452 వరకు కనిపిస్తే అవి ఫాస్ఫేట్లు. గింజల ఫాస్ఫరస్‌లా కాదు, ఇవి దాదాపు పూర్తిగా ఒంటికి పడతాయి. కేకులు, కాఫీ క్రీమర్లు, ప్రాసెస్డ్ చీజ్‌లో చెడ్డ కొవ్వూ ఫాస్ఫేటూ జంటగా దొరుకుతాయి.

డయాలసిస్, మార్పిడి, ఇతరులు

హీమోడయాలసిస్, అంటే యంత్రంతో రక్తం శుద్ధి చేయడం, మొదలయ్యాక ప్రొటీన్ కిలోకు 1 నుంచి 1.2 గ్రాములకు పెరుగుతుంది. ఆకలి మాత్రం తగ్గుతుంది. ఇక్కడ కొలెస్ట్రాల్ మరీ తక్కువగా ఉండటం తరచూ పోషణ లోపానికి గుర్తు, సంబరపడే విషయం కాదు. రెండు ముద్దలే తినగలిగే మనిషికి ఉప్మాలో, కిచిడీలో అదనంగా రెండు చెంచాల నూనె వేస్తే పళ్లెం పెరగకుండా 80 క్యాలరీలు పెరుగుతాయి. చేపనూనె మీద ఈ వర్గంలో కొత్త సంగతి ఉంది. కెనడా, ఆస్ట్రేలియాల్లో 1,228 మంది హీమోడయాలసిస్ రోగులతో చేసిన అధ్యయనం 2025 నవంబరులో వెలువడింది. రోజుకు 4 గ్రాముల చేపనూనె తీసుకున్నవాళ్లలో తీవ్రమైన గుండె, రక్తనాళాల సమస్యలు డమ్మీ గుళికలు మింగినవాళ్లకన్నా 43 శాతం తక్కువ. మీకు తగునా లేదా అన్నది మీ నెఫ్రాలజిస్టును అడగదగ్గ ప్రశ్నే, సొంతంగా మొదలుపెట్టదగ్గ పని కాదు.

పొట్ట ద్వారా డయాలసిస్ చేసుకునేవాళ్లకు ద్రవంలోని గ్లూకోజు ఒంట్లోకి చేరుతుంది, అదే ట్రైగ్లిజరైడ్లను పెంచుతుంది. వాళ్లు చక్కెర ముందు తగ్గించాలి, అవసరమైతే నూనె తర్వాత. మార్పిడి అయినవాళ్లకు స్టెరాయిడ్లు, సైక్లోస్పోరిన్ మందులు కొలెస్ట్రాల్‌ను పెంచుతాయి, స్టెరాయిడ్లు ఆకలినీ పెంచుతాయి. మొదటి ఏడాది బరువు పెరగకుండా చూసుకోవడమే అక్కడ అసలు పని. నెఫ్రోటిక్ సిండ్రోమ్‌లో మూత్రంలో పోయే ప్రొటీన్‌ను భర్తీ చేసే క్రమంలో కాలేయం కొలెస్ట్రాల్‌ను కూడా ఎక్కువగా తయారుచేస్తుంది. 300, 400 అంకెలు చూసి తిండిని తప్పుపట్టకండి, తిండి ఒక్కదాంతో అవి దిగవు కూడా. డాక్టరు కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందు రాస్తే ఆహారం మార్చుకున్నామని దాన్ని ఆపకండి.

కీటో డైట్ గురించి ఒక్క మాట. అన్నం మానేసి నెయ్యి, మాంసంతో బతకాలనుకునే కిడ్నీ రోగికి ప్రొటీన్, ఆమ్లం రెండూ పెరుగుతాయి. షుగరుకు, కిడ్నీ జబ్బుకు ఇచ్చే డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మందులు వేసుకుంటున్నవాళ్లయితే అన్నం ఒక్కసారిగా మానేస్తే రక్తంలో చక్కెర మామూలుగా కనిపిస్తూనే కీటోఅసిడోసిస్, అంటే రక్తంలో ఆమ్లం ప్రమాదకరంగా పెరగడం, రావచ్చు. అది ప్రాణం మీదికి వస్తుంది.

పనిచేస్తోందా అని చూడటం

బరువు వారానికోసారి, ఒకే రోజు, ఒకే సమయానికి, మూత్రానికి వెళ్లొచ్చాక చూసి రాయండి. కాళ్ల వాపు ఉంటే పక్కన ఆ మాట కూడా రాయండి, లేకపోతే నీటి బరువును కండ అనుకుంటారు. డయాలసిస్‌వాళ్లు డయాలసిస్ అయ్యాక ఉన్న బరువే రాయాలి. మూడు నెలల్లో బరువు 5 శాతం, అంటే 60 కిలోల మనిషికి 3 కిలోలు, అనుకోకుండా తగ్గితే తిండి చాలడం లేదు, నూనె కొలత పెంచే మాట డైటీషియన్‌తో కదపండి. మూడు నెలలకు లిపిడ్ పరీక్ష పన్నెండు గంటలు ఏమీ తినకుండా చేయించండి. ముందురోజు రాత్రి పెళ్లి భోజనం తిని వెళితే ట్రైగ్లిజరైడ్లు ఆ భోజనాన్నే చూపిస్తాయి. ఎల్‌డీఎల్ పెరిగితే కొబ్బరి, నెయ్యి, బేకరీ తిండి ఎంత పడుతోందో చూడండి. ట్రైగ్లిజరైడ్లు పెరిగితే ముందు చక్కెర, మైదా, మద్యం వైపు చూడండి, నూనె వైపు ఆ తర్వాతే. మీరు రాసుకున్న ఆ కాగితాన్నీ, నెలకు ఎన్ని లీటర్ల నూనె కొన్నారన్న లెక్కనూ డైటీషియన్ దగ్గరికి తీసుకెళ్లండి. కొంచెమే వాడతామండీ అన్న మాట కన్నా ఆ లీటర్ల లెక్కతో ఆమెకు ఎక్కువ పని జరుగుతుంది.